టకటకలాడే కీబోర్డుకు వారసుడు

ప్రకాశం జిల్లా కనిగిరి పట్టణ కాపురస్తుడు, దస్తావేజు లేఖరి, అరవై మూడేళ్ళ వయసు గల షేక్ ఇమాం హుస్సేన్ అను నేను, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా వేళ్ళతో నేనే టైపు చేసుకున్న వీలునామా. బుద్ధి స్థిరంగానే ఉంది. మనసే పది రోజులుగా గంతులేస్తోంది. ముప్పై నాలుగేళ్ళుగా ఊరివాళ్ళ వీలునామాలు రాశాను. నాది రాసుకోవడం ఇదే మొదలు కనుక నాలుగు మాటలు ఎక్కువైతే వారసులు ఓర్చుకోవలెను.

1. ఇల్లు, దాని వెనక ఖాళీ స్థలం మా షరియత్ ప్రకారం నా భార్య అమీర్‌బీకి, ఒక్కగానొక్క కూతురు సఫూరాకు, తక్కిన హక్కుదారులకు ఎవరి వాటా వారికి చేరతాయి. వాటి జోలికి ఈ కాగితం పోదు. మూడో వంతుకు మించి వీలునామాతో ఇచ్చే హక్కు నాకు లేదు. ఇవ్వదలచినదీ అంత పెద్దది కాదు. దీని అమలుదారుగా నా అల్లుడు షఫీక్‌ను నియమిస్తున్నాను.

2. ఇవ్వదలచిన ఆస్తి వివరం: 1996లో నా మొదటి కంప్యూటరుతో వచ్చిన కీబోర్డు ఒకటి. బరువు సుమారు రెండు కిలోలు. ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు. హద్దులు: తూర్పున అంకెల మీటలు, పడమర టీ మరక, దక్షిణాన నా పొట్ట, ఉత్తరాన అయిదు ముళ్ళ గుండ్రటి ప్లగ్గు గల వైరు. ఈ నడుమ గల నూటొక్క మీటలు, వాటి చప్పుడుతో సహా.

ఈ ముసలిదాని మీద అంత ప్రేమేమిటని అడిగేవారికి జవాబు రాసి ఉంచుతున్నాను. షుగరు వల్ల నా వేళ్ళ కొసలకు స్పర్శ పోయింది. మెత్తటి కీబోర్డు మీద అక్షరం పడిందో లేదో నాకు తెలియదు. దీని మీదైతే టక్కుమని వినిపిస్తుంది, వేలు ఎముక దాకా తెలుస్తుంది.

కిందటేడు పిడుగుపాటుకు పాత కంప్యూటరు కాలిపోయింది. కీబోర్డు బతికింది. కొత్త కంప్యూటరుకు అన్నీ పలకగా ఉన్న యూఎస్‌బీ కన్నాలే. గుండ్రటి ప్లగ్గు పట్టే చోటే లేదు. దానితో వచ్చిన మెత్తటి కీబోర్డు మీదే బాపయ్య అనే రైతు కొంటున్న మిరప చేను దస్తావేజు కొట్టాను. ఒకటి మీట మీద వేలు రెండుసార్లు పడింది. ఎకరం యాభై సెంట్లు కాస్తా పదకొండెకరాల యాభై సెంట్లయింది. బాపయ్య చూసి, "ఉండనీయండి సాయిబు గారూ, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

రిజిస్ట్రారు ఆఫీసు వీధిలో నా పక్క బల్ల దస్తావేజు లేఖరి అనంతపద్మనాభం పంతులు గారు కాగితం లాక్కుని చదివి, వీధంతా వినపడేలా, "ఏమయ్యోయ్, ఇమాం చేతిలో పొలం పిల్లల్ని పెడుతోందయ్యోయ్!" అని అరిచారు. జనం పగలబడి నవ్వారు. రిజిస్ట్రేషనుకు ముందే తప్పు దొరికింది కనుక నేను కృతజ్ఞుడినై ఉండాలి. ఉండలేకపోయాను. ఎనిమిది నెలలు ఆయనతో మాట్లాడలేదు. వచ్చినవాళ్ళను కూడా, నావల్ల కాదని, ఒక్కొక్కరినే ఆయన బల్ల దగ్గరకు పంపేశాను. బల్ల తీసేద్దామనే అనుకున్నాను.

3. అల్లుడు షఫీక్‌కు, అతను ఒంగోలు నుంచి తెచ్చిన ఆకుపచ్చ అడాప్టరు తిరిగి ఇస్తున్నాను. "ఇది చాలు మామూ, గుండ్రటిది పలక అవుద్ది" అన్నాడు. అయింది. కానీ కీబోర్డు మీద ఒక్క దీపమూ వెలగలేదు. ఆ బిళ్ళ ఆకారం మార్చగలదు గానీ, పాత కీబోర్డు మాట కొత్త కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పలేదని తర్వాత తెలిసింది. రెండోసారి తెచ్చిన కన్వర్టరు డబ్బీ ఆ మాట చెప్పగలదు గానీ, అదిచ్చే కరెంటు కీబోర్డుకు చాలదు. దీపం వెలిగేది, నాలుగు అక్షరాలకు ఆరిపోయేది. అదీ అతనికే. ఇందులో ఎత్తిపొడుపు లేదు. రెండుసార్లూ అల్లుడు ఎండలో పడి తిరిగాడు.

4. కీబోర్డును, దాన్ని బతికించిన మూడో కన్వర్టరును నా తదనంతరం సదరు అనంతపద్మనాభం గారికి ఇస్తున్నాను.

కారణం. ఈ నెల మొదటి వారంలో ఆయన మా ఇంటికే వచ్చారు. గడప బయటే నిలబడి, "నీ టకటక లేక మధ్యాహ్నం కూర్చోగానే కునుకొస్తోందయ్యా. నిన్న ఒకాయన ఇంటిపేరు తప్పు రాశాను. అదిట్లా ఇయ్యి" అన్నారు. పన్నెండేళ్ళు "ఇది టైపా, వడగళ్ళ వానా?" అని నన్ను తిట్టిన మనిషి! లోపలి నుంచి తెచ్చి ఇచ్చేశాను.

ఆయన దాన్ని బోర్లించి, భూతద్దం పెట్టి అడుగున ఉన్న చీటీ చివరి అక్షరం దాకా చదివారు. ఎంత కరెంటు తింటుందో అక్కడే రాసి ఉంది. పన్నెండేళ్ళలో నేను చూడలేదు! దాన్ని మిరపకాయల గోతంలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో గుంటూరు వెళ్ళారు. అయిదు దుకాణాలు తిరిగారు. డబ్బీ మీద ఎంత కరెంటు ఇస్తుందో చదవడం, తగిలించి చూపించందే కొననని కూర్చోవడం. ప్రతిచోటా తన పేరే కొట్టి చూశారట. "అంత పొడుగు పేరులో ఒక్క అక్షరం రాలకపోతే మంచిదన్నట్టే" అని ఆయన లెక్క. నాలుగు దుకాణాల్లో అనంతపద్మనాభం గారు పద్మ దగ్గరే ఆగిపోయారు. అయిదోచోట నిండుగా పడ్డారు.

మర్నాడు నా బల్ల మీద తగిలించగానే మూడు దీపాలూ వెలిగాయి. కొట్టాను. పడింది. మళ్ళీ కొట్టాను. లేచి పంతులు గారిని వాటేసుకున్నాను. "వదలవయ్యా, చొక్కా నలుగుతోంది" అంటూనే ఆయన నా వీపు తట్టారు. ఆ రోజు నుంచి తొమ్మిది దస్తావేజులు కొట్టాను, ఒక్క సెంటూ పెరగలేదు.

షరతు: ఆయన దీన్ని అలమరలో దాచరాదు, రెండు వేళ్ళతోనైనా కొట్టవలెను. ఆయన నాకన్నా రెండేళ్ళు పెద్ద. నాకన్నా ముందు పోవడానికి నా అనుమతి లేదు. పోయినచో, తక్కిన హక్కుదారుల సమ్మతితో, కీబోర్డు నా కూతురు సఫూరాకు చెందుతుంది. లబ్ధిదారు కనుక ఆయన్ను సాక్షిగా పెట్టలేదు. అందుకు అలిగారు.

5. ఈ వీలునామా కోసం కంప్యూటరునూ కీబోర్డునూ ఇంటికి తెచ్చుకున్నాను. ఇంతవరకు కొట్టి లోపలికి వెళ్ళి వచ్చేసరికి నా భార్య అమీర్‌బీ కుర్చీలో కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ దీన్ని తాకలేదు. "నా పేరు మొదటి అక్షరం ఎక్కడుందండీ?" అంది. చూపించాను. ఒకసారి నొక్కి, చప్పుడు విని, చిన్నపిల్లలా నవ్వి, ఇక ఆపలేదు. దస్తావేజులో అనవసరపు అక్షరం ఉండరాదని అందరికీ చెప్పేవాడిని నేనే. అయినా ఈ కింది వరుసను ఎవరూ కొట్టివేయరాదు.

అఅ అ అఅఅఅ అ అఅఅఅఅఅ

కనిగిరి, 2008 ఆగస్టు 14, గురువారం.

(సంతకం) షేక్ ఇమాం హుస్సేన్

సాక్షులు:
1. జి. రెబ్కా, జెరాక్సు దుకాణం
2. ఎం. బాలస్వామి, విశ్రాంత పోస్టుమాన్