గడ్డం తీసేశాను, దగ్గు తగ్గింది

అక్కా, నేను బాగున్నాను. ఫోనులో నా దగ్గు విని నువ్వు అన్నం ముట్టలేదని బావ చెప్పాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఇక బెంగ పెట్టుకోకు.

ఇక్కడ పనిలో రంపపు పొట్టునూ జిగురునూ కలిపి అదిమిన ఎండీఎఫ్ చెక్కను మెషీనుతో నునుపు చేస్తుంటే పిండిలాంటి దుమ్ము లేస్తుంది. మాస్కు పెట్టుకున్నా అది ముక్కులోకి ఎలా పోతోందో అర్థం కాలేదు. మా మేస్త్రి నా మాస్కు విప్పించి, గడ్డంలో ఇరుక్కున్న పొడి చూపించాడు. "మాస్కు చర్మానికి అతుక్కోవాలయ్యా. ఈ వెంట్రుకల సందుల్లోంచే లోపలికి పోతోంది. గడ్డం కావాలో ఊపిరి కావాలో నువ్వే తేల్చుకో," అన్నాడు. తిన్నగా సెలూన్‌కు వెళ్లాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే అచ్చం నీ మొహమే. దగ్గు తగ్గింది, తెల్లారేదాకా నిద్ర పడుతోంది.

బావ ఇంకా మొహానికి తువ్వాలు చుట్టుకునే ప్లైవుడ్ రుద్దుతున్నాడా? ఆ దుమ్మును తువ్వాలు ఆపదు. మంచి మాస్కు పార్సిల్ వేశాను. రుద్దే పని ఇంట్లో కాకుండా బయట గాలిలో పెట్టుకోమను. నువ్వూ ఆ పొడిని చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడువు. చిన్నదానికి పళ్లు వచ్చాయా? వంటింటి కుళాయి బాగు చేయించారా?

ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టమన్నప్పుడు నీ పిల్లలే కళ్లముందు మెదిలారు. ఆ మాట బావకు చెప్పు, మాస్కు పెట్టుకుంటాడు. పిల్లలకు నా ముద్దులు.

నీ తమ్ముడు