అక్క తయారుచేసిన డ్యూటీ షీట్

అక్కకి,

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. ఈ వారం బాగులేనిది నీ డ్యూటీ షీట్ ఒక్కటే. బావ నడుంనొప్పి తగ్గిందో లేదో రాయి.

అమ్మ కళ్ళజోడు గురించి అడిగావు. కొత్తది వచ్చింది, పెట్టుకోదు. పాతదే బాగా కనిపిస్తోందంటూ నిన్న హ్యాంగరుకున్న నా చొక్కాతో పావుగంట మాట్లాడింది.

బావ బదిలీతో నువ్వు ఆసుపత్రి మానేశాక నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు కదా. ఒక్క బటన్ నొక్కితే నలభైమంది నర్సులకి నెల డ్యూటీలు పంచిపెట్టేలా నువ్వు ఎక్సెల్ షీట్లో రాసిన ప్రోగ్రాం, అదే నీ మాక్రో, సోమవారం పొద్దున్నే మొండికేసింది. నొక్కితే ఎర్రర్. మూసి తెరిస్తే అదే ఎర్రర్. మాక్రోలకి అనుమతులన్నీ ఇచ్చాను, ఫైలు చోటు మార్చాను. కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చి, టీ తాగి, "ఓసారి ఆపి వేసి చూడండి" అని వెళ్ళాడు. అది అప్పటికి తొమ్మిదిసార్లు చేశాను! తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చేత్తో రాస్తే ఒకావిడకి ఒకే పూట రెండు వార్డులు పడ్డాయి.

బావకి మళ్ళీ ఇటే బదిలీ అయింది, మళ్ళీ ఉద్యోగంలో చేరతానని నేను పంపిన దరఖాస్తు గురించి హెడ్ నర్సుగారితో మాట్లాడావా అని రాశావు. మాట్లాడాను. ఎలాగంటే, మంగళవారం ఆవిడ నర్సులందరిముందూ నిలదీస్తే, "మా అక్క రాసిందే తప్పుల తడక మేడమ్" అనేశాను. ఆవిడ డ్రాయర్లోంచి నీ దరఖాస్తు తీసి అడ్డంగా గీత కొట్టింది. ఇది ముందే రాయాల్సింది, ధైర్యం చాలలేదు.

గురువారం కోపం పట్టలేక మాక్రో తెరిచి లైను లైనూ చదివాను. మధ్యలో నువ్వు వెళ్తూ రాసిపెట్టిన మాట: "ఇది ఆగితే ముందు లైసెన్స్ చూడాలి. నా పేరు మీదుంది. మా తమ్ముడైతే ముందు నన్ను తిట్టి, తర్వాత చూస్తాడు."

వెంటనే సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ జాబితా తెరిచాను. కిందటి శనివారం, మానేసినవాళ్ళ పేర్లు లైసెన్స్ జాబితాలోంచి తీసేయమంటే, మొట్టమొదట నీ పేరు తీసింది నేనే. మాక్రో వాడుకునే ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ నీ పేరుతోనే నడుస్తోందని చూసుకోలేదు.

నీ పేరు మళ్ళీ ఎక్కించగానే బటన్ పనిచేసింది. వెంటనే వెళ్ళి, ఆ నర్సులందరిముందే తప్పు నాదని చెప్పాను. హెడ్ నర్సుగారు నీ దరఖాస్తు తీసి, గీత పక్కన సంతకం పెట్టి, "ఒకటో తారీఖుకి రమ్మను మీ అక్కని. నువ్వు మందుల స్టోరుకి వెళ్దువుగాని" అంది.

నీ కుర్చీ తుడిచిపెట్టాను. తిట్టాలనుంటే ఉత్తరంలో వద్దు, వచ్చి తిట్టు.

ఇట్లు,
ముందు తిట్టి తర్వాత చూసిన
నీ తమ్ముడు