పుక్కిలించకూడదట

మార్చి 9, ఆదివారం
ఆరాధనలో క్లారినెట్ మూతిన పెట్టి ఊదగానే పై పన్ను జివ్వుమంది. పాట మధ్యలో ఆపేసేను. కీబోర్డు బెంజమిన్ వచ్చి, ఈస్టర్ తెల్లారుగట్ల ఆరాధనకి మీరు రెస్టు తీసుకోండి మాస్టారూ, ట్రాక్ పెట్టేస్తాం అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నాకు మంట.

మార్చి 11
అమలాపురం వెళ్ళేను. డెంటిస్టు మాధురి గారు. చిగురు జరిగి పంటి వేరు బయటపడిందట. పీకక్కర్లేదట. ఓ పేస్టు, చిగుళ్ళకి ఓ మౌత్‌వాష్ రాసిచ్చింది. గుణం కనపడ్డానికి వారాలు పడుతుంది, ఈస్టర్‌కి అందుకోవచ్చు తాతగారూ అంది.

బస్సులో భూతద్దం పెట్టి ట్యూబు చదివేను. పొటాషియం నైట్రేట్. అంటే సురేకారం. ముక్తేశ్వరంలో మా బాబాయి చిచ్చుబుడ్లలో కూరేది అదే. ఓ దీపావళికి ఆయన మీసం సగం పోయింది, మిగతా సగం పరువు కోసం గొరిగించేసేడు. ఆ సరుకే ఇప్పుడు నా పంటి నరాన్ని జోకొట్టాలి. ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుందట.

మార్చి 24
తగ్గలేదు. బెంజమిన్ ట్రాక్ వెతుకుతున్నాట్ట.

మార్చి 25
డాక్టరమ్మకి ఫోన్ చేసేను. ఎలా తోముతున్నారండీ అంది. గర్వంగా చెప్పేను. కాలవ రేవులో తోముకుని, చెంబెడు నీళ్ళు పుక్కిలించి, ఆ వెంటనే మౌత్‌వాష్ పోసి, మళ్ళీ చెంబెడు నీళ్ళు. ఆవిడ నవ్వింది. మందంతా కాలవకే పోస్తున్నారు, ఈపాటికి చేపల పళ్ళు గట్టిపడుంటాయి అంది. తోమేక ఉమ్మేసి ఊరుకోవాలట. పుక్కిలించకూడదట. నురుగు కోసం పేస్టులో వేసేది ఆ మౌత్‌వాష్‌ని పనిచేయనివ్వదట, అందుకని మౌత్‌వాష్ వేరే పూట వాడాలట.

మార్చి 26
మా ఆవిడ ఎలీసమ్మకి చెప్పేను. అంట్లు తోమి కడక్కుండా బోర్లిస్తామా అంది. నోరు కడుక్కోని మనిషికి కాఫీ ఇవ్వనంది. అరగంట ఆగి ఇవ్వు, డాక్టరమ్మ కూడా అదే చెప్పింది అన్నాను. ఆయ్, అలాగే, ఆవిడనే కాచి పొయ్యమనండి అంది.

అరగంట పోయేక ఇచ్చింది. గ్లాసు దూరంగా పెట్టింది.

ఏప్రిల్ 10
కుండలో చల్లటి మజ్జిగ తాగేను. పన్ను పలకలేదు. ఇంకో గ్లాసు తాగేను, నమ్మకం కోసం.

ఏప్రిల్ 13, మట్టలాదివారం
పెరట్లో ఎలీసమ్మ నా పేస్టుతో తోముకుంటోంది. అటూ ఇటూ చూసింది. ఉమ్మేసి ఊరుకుంది. నేను తలుపు చాటునే ఉండిపోయేను.

ఏప్రిల్ 20, ఈస్టర్
చీకటుండగానే సమాధుల దగ్గర ఆరాధనలో ఊదేను. కాలవ గాలి పంటికి తగిలింది. తగిలి, దాని దారిన అది పోయింది. బెంజమిన్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి విన్నాడు.

క్లారినెట్ ఇంకా పుదీనా వాసనేస్తోంది.