ఇరవయ్యారు డిగ్రీల ఉప్పునీళ్లు

నవంబరు 1, శనివారం

మా పళ్ల క్లినిక్ వెయిటింగ్ రూములో ఉన్న ఉప్పునీటి అక్వేరియం ఇవాళ్టి నుంచి పూర్తిగా నా బాధ్యత. ఇన్నేళ్లూ వారం వారం వచ్చి చూసుకున్న అక్వేరియం ఆయనకి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం రాసిచ్చాడు.

1. ప్రతి ఆదివారం పదో వంతు నీళ్లు తీసి కొత్తవి పొయ్యాలి.
2. కొత్త నీళ్లలో ఉప్పు ముందురోజే కలపాలి. చిన్న మోటారు పెట్టి తిప్పుతూ ఉండాలి.
3. బకెట్లో కూడా హీటరు పెట్టాలి. ట్యాంకులో ఇరవయ్యారు డిగ్రీలుంటే బకెట్లోనూ ఇరవయ్యారే ఉండాలి.
4. చేత్తో చూసి పొయ్యకండి.

నాలుగో దాని కింద మూడు గీతలు.

"చేత్తో చూసి పోస్తే ఏమవుతుందయ్యా?" అన్నాను.

"మీకేం కాదండీ," అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా మనుషుల దవడల్లో ఆవగింజంత జాగాలో పని చేస్తున్నవాణ్ణి. బకెట్టు నీళ్లు మార్చలేనా!!

సాయంత్రం 5:00. ఉప్పు కలిపాను. మోటారు తిరుగుతోంది. హీటరు లైటు ఎర్రగా వెలిగింది. మా ఆవిడకి ఫోన్ చేసి, ఒక చిన్న సముద్రాన్ని తయారుచేశానని చెప్పాను.

"సృష్టి పూర్తయ్యాక కూరగాయలు పట్టుకురండి," అంది.

నవంబరు 2, ఆదివారం

ఉదయం 9:00. ట్యాంకు 26. బకెట్టు 26. ఆహా!

9:20. పన్నెండు లీటర్లు తీశాను.

9:45. పన్నెండు లీటర్లు పోశాను. మగ్గుతో, నెమ్మదిగా, మందు పోసినట్టు.

నివాసుల పరిస్థితి: ఆరెంజి ఒంటి మీద తెల్ల పట్టీలున్న పెద్దమనిషి చేప, వయసు తొమ్మిదేళ్లు, క్షేమం. నీలం చేపలు రెండు, ఎప్పట్లాగే పోట్లాట. ఎర్రచారల రొయ్య, డ్యూటీలో ఉంది.

ఈ రొయ్య గురించి రాయాలి. చేపలు దాని ముందుకొచ్చి నోరు తెరుస్తాయి. అది లోపలికి చేతులు పెట్టి శుభ్రం చేస్తుంది. అంటే నా తోటి డాక్టరన్నమాట! నాకంటే మంచి పేరుంది దానికి. దాని దగ్గరికి ఎవరూ ఏడుస్తూ రారు.

నవంబరు 3, సోమవారం

క్రేనాయన వచ్చాడు. క్రేను నడిపి నలభై టన్నుల ఇనుప దూలాల్ని పదో అంతస్తుకి ఎత్తే మనిషి. ఎడమ దవడలో పన్ను పుచ్చి మూడు నెలలైంది. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ వెయిటింగ్ రూములోంచే పారిపోయాడు. సూది పేరు చెబితే ఆయన మీసం కూడా వణుకుతుంది.

ఇవాళ అరగంట సేపు ట్యాంకు ముందు కూర్చుని రొయ్యని చూశాడు. తర్వాత తనంతట తనే లోపలికొచ్చి కుర్చీలో పడుకున్నాడు.

"అంత చేప అంత చిన్నదాని దగ్గర నోరు తెరిచిందండీ. నాకేం రోగం?" అన్నాడు.

రూట్ కెనాల్ మొదలుపెట్టాను. సగం అయింది. వెళ్లేటప్పుడు రోజూ రెండు పూటలా తోముతున్నారా అని అడిగితే, తోముతున్నానన్నాడు. నమ్మలేదు. పళ్లకి ఆదివారం సెలవుండదని పది నిమిషాలు క్లాసు పీకాను.

నవంబరు 9, ఆదివారం

26. 26. అద్భుతం!

ఒక చార్టు గీసి ట్యాంకు పక్కన గోడకి అంటించాను. తేదీ, ట్యాంకు వేడి, బకెట్టు వేడి, సంతకం. పేషెంట్లు చూసి నేర్చుకుంటారు, క్రమశిక్షణ అంటే ఏమిటో.

నవంబరు 10, సోమవారం

పంతొమ్మిదేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న నర్సమ్మ చార్టు ముందు చాలాసేపు నిలబడింది.

"బావుందండీ. గళ్లు చాలా ఉన్నాయి," అంది.

ఆవిడ మాటల్లో ఎప్పుడూ ఏదో ఉంటుంది.

నవంబరు 16, ఆదివారం

నిన్న ఉప్పు కలపడం మరిచిపోయాను. పెళ్లికి వెళ్లాం. పెళ్లిలో ఉప్పు గుర్తురాలేదు, అది నా తప్పా?

ఉదయం 8:30. ఇప్పుడు కలిపాను. ఉప్పు అడుగున కూర్చుంది. లేవనంటోంది.

10:30. బకెట్టు 23. ఇంకా ఎంతసేపు చూడాలి? మూడు డిగ్రీలు ఒక లెక్కా? సముద్రంలో ఎండా నీడా ఉండవా? పోసేశాను. ఎవరూ పోలేదు.

చార్టులో 26 అని రాశాను. 23 రాస్తే గడి చూడ్డానికి బాగోదు.

నవంబరు 23, ఆదివారం

బకెట్టు హీటరు పగిలింది. నీళ్లలోంచి తీసేముందు స్విచ్చి ఆపాలట. ఎవరు చెప్పారు? అట్టపెట్టె మీద రాసి ఉందట. అట్టపెట్టె ఎవరు చదువుతారు?

కంగారులో థర్మామీటరు కూడా సింకులో పడింది. క్లినిక్‌లో జ్వరం చూసేది ఉంది కదా అని బకెట్లో ముంచాను. అది ముప్ఫై అయిదు దాటితే గానీ నోరు విప్పదు. బకెట్టు ఎప్పుడో పోయిందన్నట్టు చూపించింది.

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"చంటిపిల్లకి నీళ్లు పోసేముందు చూసినట్టు మోచెయ్యి పెట్టి చూడండి," అంది.

మోచెయ్యి ఫరవాలేదంది. కాగితంలో చెయ్యి వద్దన్నాడు గానీ మోచెయ్యి వద్దనలేదు. పోసేశాను. చార్టులో 26.

నవంబరు 30, ఆదివారం

ఇవాళ మార్చలేదు. కారణాలు:

నడుం పట్టేసింది.
కొత్త హీటరు కొనాలి.
కొట్టు ఆదివారం తియ్యరు.
కొట్టు సోమవారం తీస్తారు, కానీ సోమవారం నేను ఖాళీగా ఉండను.
ఊరికే ఊరికే మారిస్తే చేపలకీ చిరాకేమో.

డిసెంబరు 7, ఆదివారం

వాన.

డిసెంబరు 8, సోమవారం

నర్సమ్మ చార్టు తుడుస్తూ అడిగింది.

"నిన్న మీరు క్లినిక్‌కి రానేలేదు కదండీ. ఈ 26 ఎవరు రాశారు?"

"పొద్దున్న రాగానే రాశాను. అంచనా."

"మన పేషెంట్లూ అంచనాగానే తోముతారు లెండి," అని లోపలికి వెళ్లిపోయింది.

డిసెంబరు 14, ఆదివారం

చలి. దుప్పటి. 26.

డిసెంబరు 16, మంగళవారం

ఇవాళ్టి సంగతి వరసగా రాస్తాను. రాయకపోతే రేపటికి ఇది కూడా 26 అయిపోతుంది.

ఉదయం 7:40. ట్యాంకు అద్దం పచ్చబడింది. నీళ్లు పాత గోనెసంచిలా వాసన. పదకొండుకి క్రేనాయన వస్తాడు, మిగిలిన సగం పని చేయించుకోవడానికి. ఈ ట్యాంకు చూస్తే మళ్లీ పారిపోతాడు. మూడు వారాల పని ఒక్క దెబ్బకి పూర్తిచేద్దామనుకున్నాను. సగం నీళ్లు తీసేశాను.

8:15. వెనక వరండాలో కుళాయికి ఉన్న వడపోత డబ్బాలోంచి నీళ్లు పట్టి, ఉప్పు కలిపి, కర్రతో తిప్పాను. చేతివేళ్లు కొంకర్లు పోయాయి. అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. పోసేశాను. బకెట్టు మీద బకెట్టు.

8:30. పెద్దమనిషి పక్కకి ఒరిగాడు. నీలం చేపలు రెండూ పోట్లాట మానేసి అడుగున పడి రొప్పుతున్నాయి. ట్యాంకు అద్దానికున్న మీటరు వైపు చూశాను. 20.

8:35. కెటిల్లో నీళ్లు మరిగించి పరిగెత్తుకొచ్చాను. నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ నన్ను ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

"డాక్టరుగారూ! బతికిస్తున్నారా, వండుతున్నారా?"

8:40. అక్వేరియం ఆయనకి ఫోన్ చేశాను.

"ఎంతకి పడిందండీ?"

"ఇరవైకి."

"చేత్తో చూసి పోశారా?"

"లేదయ్యా. చేత్తో కూడా చూడలేదు."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సీసాల్లో గోరువెచ్చటి నీళ్లు పోసి, మూత బిగించి, ట్యాంకులో తేలేయమన్నాడు. గంటకి ఒక డిగ్రీ, అంతకంటే వద్దు. చల్లారినవి తీసి వెచ్చనివి వెయ్యాలి. ట్యాంకు హీటరు దాని పని అది చేస్తుంది. "తొందరపడి వేడి చేశారా, మిగిలినవీ పోతాయి," అన్నాడు.

నర్సమ్మ పేషెంట్లందరికీ ఫోన్ చేసి రేపు రమ్మంది. క్రేనాయన ఫోన్ ఎత్తలేదు.

11:00. వచ్చాడు. అడక్కుండానే చొక్కా చేతులు మడిచి, నా చేతిలో సీసా తీసుకున్నాడు. నేను ఒకటి, ఆయన ఒకటి. ఆ పెద్ద చేతులతో సీసాని చేపలకి తగలకుండా ఎంత మెల్లగా దించాడో.

12:30. "రొయ్య ఏదండీ?" అన్నాడు.

రొయ్య రాయి వెనకాల ఉంది. వెల్లకిలా. నేను తొమ్మిదికే చూశాను.

"అది అప్పుడప్పుడూ ఒంటి మీది పెంకు విడుస్తుంది. అలాంటప్పుడు దాక్కుంటుంది," అన్నాను. ఆ మాట నిజమే. చెప్పిన సందర్భమే అబద్ధం.

"అయితే పన్ను పని ఇంకోరోజు పెట్టుకుందాం. అది బయటికొచ్చాక," అన్నాడు.

మధ్యాహ్నం 3:00. 26. పెద్దమనిషి నిటారుగా లేచాడు. ఒక నీలం చేప రెండో దాన్ని తోకమీద పొడిచింది. క్రేనాయన చప్పట్లు కొట్టి వెళ్లిపోయాడు.

3:30. రొయ్యని తీశాను. పళ్లకి వాడే దూదిలో చుట్టాను. అరచేతిలో బరువే తెలియలేదు.

డిసెంబరు 17, బుధవారం

అన్నం సయించలేదు. మా ఆవిడ కంచం వైపు చూసి, నా వైపు చూసింది.

"రొయ్య కోసమా, అబద్ధం కోసమా?"

"రెండూ."

"మీ పేషెంట్లు మీ దగ్గర అబద్ధాలెందుకు చెప్తారో తెలుసా? నిజం చెబితే పది నిమిషాలు క్లాసు పీకుతారని. మీకు క్లాసు పీకేవాళ్లెవరూ లేరు కదా, ఇంకెందుకు చెప్పారు?"

కంచం పక్కకి జరిపి, లేచి చెయ్యి కడుక్కున్నాను.

డిసెంబరు 19, శుక్రవారం

క్రేనాయన వచ్చాడు. ట్యాంకంతా వెతికాడు. లోపలికొచ్చి కుర్చీలో పడుకుని, మెడకి నర్సమ్మ కట్టిన కాగితం గుడ్డతో సహా లేచి కూర్చున్నాడు.

"ఇంకా రాలేదేంటండీ అది?"

చేతి తొడుగులు తీసేశాను.

"రాదు. ఆ రోజే పోయింది. చల్లటి నీళ్లు పోసి నేనే చంపాను. మీకు అబద్ధం చెప్పాను."

ఆయన లేచి వెయిటింగ్ రూములోకి నడిచాడు. పారిపోతాడనుకున్నాను. గోడ మీద చార్టు ముందు ఆగాడు. పైనుంచి కిందికి వేలితో చదివాడు. 26, 26, 26.

"ఇదీ అబద్ధమేనా?"

"మొదటి రెండు వారాలూ నిజం."

"మా పనిలో ఇలా రాస్తే కింద నిలబడ్డ మనుషులు పోతారండీ," అన్నాడు. గొంతు పెంచలేదు. నర్సమ్మ చేతిలో ట్రే కదలకుండా ఆగిపోయింది. నేను తల దించుకున్నాను. నా వయసులో తల దించుకోవడానికి మెడ అలవాటు పడి ఉండదు, నొప్పి పుట్టింది.

ఆయన తిరిగొచ్చి కుర్చీలో పడుకున్నాడు. పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

"నేనూ రెండు పూటలా తోమట్లేదండీ. పొద్దున్న పూట తోముతాను. అదీ గుర్తుంటే."

నాకు తెలుసు అనబోయి మానేసి, కొత్త తొడుగులు వేసుకున్నాను.

"భయంగా ఉందండీ," అన్నాడు మళ్లీ. "కాస్త చూసి పొడవండి."

నోరు తెరిచాడు. సూది పెట్టేటప్పుడు ఆయన చెయ్యి కుర్చీ పిడిని నలిపేసింది. నా చెయ్యి మాత్రం నేను చెప్పిన మాట విన్నది. గంటా పది నిమిషాలు. పన్ను నిలిచింది.

వెళ్లేటప్పుడు క్లాసు పీకలేదు. ఆయన గుమ్మం దగ్గర ఆగి, "ఏమీ చెప్పరా?" అన్నాడు.

"నాకు చెప్పే మొహం ఎక్కడుందండీ?"

నవ్వబోయాడు. మత్తు వల్ల సగం మూతే కదిలింది.

డిసెంబరు 20, శనివారం

కొత్త హీటరు కొన్నాను. అట్టపెట్టె చదివాను. రెండుసార్లు. కొత్త థర్మామీటరు కూడా. చార్టు చింపేశాను.

సాయంత్రం 4:00. ఉప్పు కలిపాను. మోటారు తిరుగుతోంది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

డిసెంబరు 21, ఆదివారం

మళ్లీ మొదలు. ప్రతి ఆదివారం, పదో వంతు, సమానమైన వేడి. ఇది కొత్త తీర్మానం అనను. పాతదే, ఒకసారి చచ్చి బతికింది.

ఉదయం 8:50. క్లినిక్ తలుపు ఎవరో బాదారు. చూస్తే క్రేనాయన.

"పన్ను నొప్పా?"

"కాదండీ. మా దగ్గర బరువు ఎత్తే ముందు కొక్కెం ఇద్దరం చూస్తాం. ఒక్కడు చూస్తే చూసినట్టు కాదు. జరగండి."

పక్కకి జరిగాను. ట్యాంకు మీటరు చదివాడు. 26. థర్మామీటరు బకెట్లో ముంచి, కళ్లు చికిలించి చూశాడు.

9:05. బకెట్టు 24.

మగ్గు తీసుకున్నాను. ఇరవై నాలుగంటే ఇంచుమించు... ఆయన నా చేతిలోంచి మగ్గు లాక్కుని బోర్లించి, దాని మీద కూర్చోబోయి, పగులుతుందని మానేశాడు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"గంట పట్టొచ్చు."

"పట్టనివ్వండి," అన్నాడు. వెయిటింగ్ రూములో పేషెంట్ల బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆ బెంచీ మీద నేను కూర్చోవడం ఇదే మొదటిసారి. చాలా గట్టిగా ఉంది. ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదు.

9:20. 24.

9:35. 25. ఇద్దరం చూశాం.