చిన్నాన్న ముందు సొరబుర్ర

మకుటానో,
శనివారం.

అమ్మకు, నీ కూతురు చెపురాయ్ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమమే. అంటే ఆవులు క్షేమం, దూడలు క్షేమం, చిన్నాన్న కొత్త లారీ మరీ క్షేమం. నేను మాత్రం మండిపోతున్నాను. నీ ఒంటి సంగతి, సెకెర్ కొండ మీద వానల సంగతి రాయించు.

నీ ఉత్తరం క్రోప్ మామయ్య చేతిరాతలో అందింది. దీన్నీ ఆయనే చదివి వినిపిస్తాడు. మామయ్యా, నీ చెల్లెలు మధ్యలో "చాలు, ఆపు" అంటుంది. ఆపకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఉగాలి ముద్ద కడుపునిండా తింటున్నాను. దగ్గు తగ్గింది. ఎల్డొరెట్‌లో కాలేజీ ఇంకా తెరవలేదు. నువ్వు పాలు తోడేసే సొరబుర్ర ఏమైందని అడిగావు. చిన్నాన్న పెరుగు ఫ్యాక్టరీ ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. పొగ పట్టించే దిక్కు లేక లోపల బూజు పట్టింది. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. "చిన్నాన్నతో గొడవ పెట్టుకోకు, నీ ఫీజు కట్టేది ఆయనే" అని ఒకే ఉత్తరంలో మళ్లీ మళ్లీ రాయించావు. దాని సంగతి తరవాత.

కంపెనీ పదేళ్ల పండుగకి పెరుగు డబ్బాల మీదా, గోడ మీదా కంపెనీ చరిత్ర వేయిస్తానని చిన్నాన్న ఆ పని నాకిచ్చాడు. ఎంత పొంగిపోయానో! ఒక్కో మాటా ఏరి ఏరి రాశాను. నాన్న పోయిన ఏడు నువ్వూ, చెమ్‌కెట్ అవ్వా, ఇంకో ఇద్దరూ కలిసి, మందులెరగని గడ్డి మేసిన ఆవుల పాలు మీ బుర్రల్లో తోడేసి, క్రోమ్వో చెట్టు బూడిద కలిపి, సంతలో ఎండకి కూచుని అమ్మడం. "ఇదేం మసిపెరుగు" అని నవ్విన పట్నంవాళ్లే తరవాత వరసలో నిలబడటం. మగవాడి పేరున లైసెన్సు తొందరగా వస్తుందని చిన్నాన్న అనడం, నువ్వు సరేననడం. అన్నీ రాశాను.

చిన్నాన్న చదివి ముఖం చిట్లించాడు.

"ఇందులో నేనెక్కడున్నానే?"

"లైసెన్సు దగ్గరున్నావు కదా, చిన్నాన్నా."

"లైసెన్సు కథ నైరోబీవాళ్లకెందుకే? చిన్నప్పుడు నేనే బుర్రకి పొగ పట్టించి, నేనే పాలు తోడేశానని రాయి. కాలేజీ పిల్లవి, నాలుగు మంచి మాటలు చేర్చు."

"మరి అమ్మ?"

"మీ అమ్మ కొండెక్కి కూచుంది. ఊరికే వెళ్లిందనుకున్నావా? నీ చదువు సాగనిస్తే కంపెనీలో తనకేమీ వద్దని ఒప్పుకుని వెళ్లింది."

అమ్మా, ఈ మాట నాకెందుకు చెప్పలేదు? నా పుస్తకాల కోసం నీ పేరు వదులుకోమని ఎవరడిగారు నిన్ను? నీ మీద కూడా కోపంగా ఉంది. చిన్నాన్న మీదకన్నా కొంచెం తక్కువ, అంతే.

ఇక దాచిపెట్టింది చెప్తాను. ముందే చెబితే ఆపేదానివి, అందుకే చెప్పలేదు. చిన్నాన్న అడిగినట్టే రాశాను. మన మగవాళ్లు ఆడవాళ్ల పాలబుర్ర ముట్టరని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంగ్లీషులో రాసింది మనవాళ్లెవరు చూడొచ్చారని ఆయన ధీమా. పండుగ రోజు ఆయన నైరోబీ అతిథుల చుట్టూ తిరుగుతుంటే వెళ్లి, "పెద్దలకి మన భాషలో చదివి వినిపించనా?" అని అడిగాను. "చదువు, చదువు" అన్నాడు, నావైపు చూడనైనా చూడకుండా.

చదివాను. లొముకే అనే కుర్రవాడు, అంటే మన చిన్నాన్నే, ఒళ్లో సొరబుర్ర పెట్టుకుని, కొరివి లోపలికి దూర్చి, వంచి, తిప్పి, మురిపెంగా పొగ పట్టించాడని గొంతెత్తి చదివాను. పెద్దల్లోంచి లొరెమోయ్ తాత కర్ర మీద వాలి అడిగాడు.

"ఒరే లొముకే, మరి మీ ఇంట్లో ఆడవాళ్లేం చేసేవాళ్లురా? ఆవుల్ని తోలుకెళ్లేవాళ్లా?"

"పూసలదండలు ఇంట్లో మర్చిపోయొచ్చినట్టున్నాడు!" అన్నారు వెనకనుంచి ఎవరో. మైదానం మైదానమంతా ఘొల్లుమంది.

అప్పుడు చెమ్‌కెట్ అవ్వ లేచింది. ఒక చేతిలో మండుతున్న కొరివి, ఇంకో చేతిలో నీ బుర్ర. అద్దాల పెట్టెలోంచి తీసి ఇచ్చింది నేనే.

"నాయనా, నువ్వే చేసేవాడివట కదా. ఒక్కసారి చేసి చూపించు. పోయేలోపు కళ్లారా చూసి పోతాను."

బుర్ర ముట్టుకుంటే పెద్దల ముందు పరువు పోతుంది. ముట్టుకోకపోతే డబ్బా మీదిది అబద్ధమైపోతుంది. నైరోబీవాళ్లు కెమెరాలు ఎత్తి పట్టుకున్నారు. చిన్నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను కాదు."

"మరెవరు?"

"మా వదిన."

"వదినకి పేరు లేదా?"

"చెపోసైత్."

"ముసలిదాన్ని, వినబడి చావదు."

"చెపోసైత్! మొదలుపెట్టింది చెపోసైత్!"

అమ్మా, కొట్టాల దగ్గర ఆవులు కూడా తలెత్తి చూశాయి.

ఆ సాయంత్రం చిన్నాన్న నా పెట్టె తీసి వాకిట్లో పెట్టాడు. "నీ ఫీజు ఇక మీ అమ్మనే కట్టుకోమను" అన్నాడు. అందుకే ఇది చెమ్‌కెట్ అవ్వ ఇంట్లో కూచుని రాస్తున్నాను. కాలేజీ ఉంటుందో పోతుందో తెలియదు. ఏడ్చాను, నిజమే. కానీ నువ్వు ఏ బేరానికి ఒప్పుకున్నావో ఆ బేరం ఇప్పుడు లేదు. తెంచింది ఆయనే. నువ్వింక నోరు మూసుకోవలసిన పని లేదు.

మర్నాటి నుంచీ ఆడవాళ్లు పాలు తెస్తున్నారు గానీ ట్యాంకులో పొయ్యడం లేదు. క్యాన్లు గేటు ముందు దింపి, మూతల మీద చేతులు పెట్టుకుని కూచుంటున్నారు. "చెపోసైత్ వచ్చి తియ్యమంటే తీస్తాం" అంటున్నారు. ఎండ ముదిరాక తీసుకెళ్లి దూడలకి పోస్తున్నారు.

నీ బుర్ర నా దగ్గరే ఉంది. బూజు తోమి, పొగ నేనే పట్టిద్దామని కూచున్నాను. ఒకసారి కొరివి ఆరిపోయింది, ఇంకోసారి బుర్ర అంచు కాలింది. అవ్వ చూసి, "మీ అమ్మ బుర్రకి మీ అమ్మే రావాలి" అని నా చేతిలోంచి లాక్కుంది. బళ్లోకి పంపడమే చూశావు గానీ ఈ పని నాకెప్పుడు నేర్పావు? వచ్చి నేర్పు.

మామయ్యా, చదవడం అయిపోయింది. ఉత్తరం తరవాత మడుద్దువుగాని, ముందు ఆవిడ మూట కట్టు.

ఇట్లు,
నిన్ను తిట్టిపోసినా నీదే అయిన కూతురు,
చెపురాయ్