ఇంటర్వెల్ అనుకున్నాం

ఉప్పుగూడ,
8 ఆగస్టు 1983.

మా ఇంటాయనకు,

రాజమణి నమస్కారాలు. పిల్లలిద్దరూ బాగున్నారు, అత్తమ్మ మోకాలు బాగుంది, ఇంటి వెనక గోడ ఈ వానకు కూడా పడలేదు. ఈ మూడు ముక్కలకు నీలం ఇన్‌లాండ్ చాలు కాబట్టి మీరు రాంచీకి ట్రైనింగుకు పోయినప్పటి నుంచీ దానితోనే సరిపెట్టాను. ఈసారి కవరు కొన్నాను. చెప్పాల్సింది చాలా ఉంది. తీరిగ్గా కూర్చుని చదవండి, క్యాంటీన్‌లో అందరి మధ్యా విప్పకండి.

నిన్న ఆదివారం మధ్యాహ్నం నేను సినిమా చూశాను. టాకీసులో కాదు, మన గల్లీ చివర ఖైసర్ బేగం గారింట్లో. ఊళ్లో కాలేజీ మేడమ్‌లు కొందరు కలిసి ఒక సర్కిల్ పెట్టుకున్నారట. ఆడవాళ్ల కథలున్న సినిమాలు ఎక్కడెక్కడివో తెప్పించి, మిషను తెచ్చి, గల్లీ గల్లీలో ఆడవాళ్లకు చూపిస్తారు. ఖైసర్ బేగం తన పెద్ద హాలు ఇస్తానన్నది, ఒక్క షరతు మీద: మగవాడెవరూ గడప దాటకూడదు. అందుకని ఆపరేటర్ సీతారాం మిషను బిగించి, డిస్పెన్సరీ నర్సు నీలమ్మకు గంటసేపు పని నేర్పి, బయట అరుగు మీద బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. కిటికీలకు కంబళ్లు కట్టాం. నలభై మందిమి, ఇంకా చంటిపిల్లలు. అత్తమ్మకు ముందు వరుసలో గోడకు ఆనుకునే చోటు దొరికింది.

సినిమా బెంగాలీది. కథ విడమరిచి చెప్పాల్సిన మేడమ్‌కు జ్వరం వచ్చింది, రాలేదు. మాలో ఒక్కరికీ ఆ భాష రాదు. పది నిమిషాలు అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. అత్తమ్మ నా మోచెయ్యి పొడిచి, "ఏమంటున్నదే ఆమె?" అన్నది. నెమ్మదిగా చెప్పాను. వెనకాయన, కాదు, వెనకామె, మాకూ చెప్పమన్నది. ఇంతలో ఖైసర్ బేగం గొంతు, "జోర్ సే బోలో రాజమణీ, పీఛే వాలోంకు సునాయి నై దేరా!" వెనకవాళ్లకు వినబడడం లేదట. ఇక లేచాను. తెర పక్కన నిలబడి కథ మొత్తం చెప్పాను. నాకు బెంగాలీ మీకు వంట వచ్చినంత వచ్చు. ఆమె చేతులు చూసి, అత్త కళ్లు చూసి చెప్పాను. తెలియని చోట కల్పించాను. ఎవరూ కాదనలేదు.

కథ ఇది. మూడు రీలు డబ్బాల సినిమా. మొదటి డబ్బాలో ఒక పెద్దింటి కోడలు మట్టిబొమ్మలు చేస్తుంది. మొగుడికి అది నవ్వులాట. రెండో డబ్బాలో ఆమె పట్నంలో కనబడుతుంది, చిక్కిపోయి, ముక్కుపుడక కూడా లేకుండా. ఎప్పుడు పోయిందో, ఎట్లా పోయిందో చూపించనే లేదు. అదేమిటని నేను తడబడుతుంటే ఖైసర్ బేగం, "చెప్పి పోతనంటే పోనిస్తరా? అందుకే చెప్పకుండ పోయింది," అని తేల్చేసింది. పాపం జ్వరం పడి, పడవెక్కి ఇంటికి తిరిగొచ్చింది. అత్త తలుపు తీసింది, ఈమె లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. తెర మీద బెంగాలీ అక్షరాలు పడ్డాయి. ఇంటర్వెల్. అందరం చాయ్ తాగాం. మూడో డబ్బాలో మొగుడితో పెద్ద లొల్లి. ఈసారి చెప్పి మరీ పోయింది, పట్టపగలు, అందరూ చూస్తుండగా. ఆఖరున ట్రాములో తోటి బొమ్మల పనివాళ్లతో కలిసి నవ్వుతూ ఉంటుంది. ముక్కుకు పుడక! ఎక్కడిదని అత్తమ్మ అడిగితే నలుగురు ఒక్కసారే, "కొనుక్కున్నది, సంపాయిస్తున్నది గద" అన్నారు. హాలంతా చప్పట్లు. ఒకసారి ఓడి వచ్చిన మనిషి రెండోసారి పోయి గెలవడం నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

ఇప్పుడు అసలు మాట. మీకు గుర్తుందో లేదో, ఏడేళ్ల కింద మీ సూపర్‌వైజర్ బాలనర్సింహ గారు, ఆయన భార్య, మనం, అత్తమ్మ కలిసి సినిమాకు పోయాం. అది హిందీ సినిమా, అత్తమ్మకు అర్థం కాక నన్ను అడుగుతుంటే నేను చెవిలో చెబుతున్నాను. మీరు ఇటు తిరిగి, "నోర్మూయ్, నీ కథ ఎవరికి గావాలె?" అన్నారు. గట్టిగా. సూపర్‌వైజర్ భార్య గబుక్కున తెర వైపు తల తిప్పేసుకుంది. ఇంటర్వెల్లో మీరు తెచ్చిన సమోసా నేను తినలేదు, అది మీరు చూడలేదు. ఆ తరవాత మీరు ఎప్పుడు సినిమాకు రమ్మన్నా తలనొప్పి అన్నాను. నాకు ఏడేళ్లలో ఒక్కనాడూ తలనొప్పి రాలేదు.

సర్కిల్ వాళ్లు ఈ సినిమా నెల రోజులు ఉంచుకుంటారు. నన్ను ప్రతిచోటా మైకు పట్టి కథ చెప్పమన్నారు. సరే అన్నాను. ఇరవై ఎనిమిదిన కంచన్‌బాగ్‌లో, మీ ఫ్యాక్టరీ క్వార్టర్లలో. పిలిచింది బాలనర్సింహ గారి భార్యే. మిమ్మల్ని అడగడానికి కాదు, మీకు తెలియాలని రాస్తున్నాను.

మీ
రాజమణి


ఉప్పుగూడ,
20 ఆగస్టు.

మా ఇంటి ఆపరేటర్ గారికి,

ఫ్యాక్టరీలో చేరకముందు టాకీసులో ప్రొజెక్టర్ గదిలో పని చేసిన మనిషికి సినిమా కథ రాయడం నాదే తప్పు. మీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు పేజీలు! పెళ్లయిన పదమూడేళ్లలో మీరు నాకు నాలుగు పేజీలు రాయడం ఇదే మొదలు, అదీ నా తప్పు పట్టడానికి.

"పుడక మళ్ళ కొనుక్కున్నది కాదు, అసలు అప్పటికి అమ్మనే లేదు. నీలమ్మ మూడో డబ్బా ముందు ఎక్కించింది, రెండోది ఎనక. మీరు ఇంటర్వెల్ అనుకున్నది ఇంటర్వెల్ కాదు, శుభం కార్డు." ఇట్లా రాశారు. మీ గదిలో ఉండే బెంగాలీ ఆయన చిన్నప్పుడు ఆ సినిమా చూశాడని, ఆమె ఆఖరుకు ఇంటికే వస్తుందని కూడా రాశారు. వెంటనే సీతారాంను పిలిపించి డబ్బాలు చూపించాను. వాటి మీద అంకెలు కూడా బెంగాలీలోనే ఉన్నాయి. నీలమ్మ వాటి చీటీల వాలకం చూసి అంచనాగా ఎక్కించేసింది. సీతారాం తల పట్టుకుని, "నన్ను లోపలికి రానిస్తే గిట్ల అయ్యేదా అమ్మా?" అన్నాడు.

మీరు చెప్పింది నిజమే. ఒప్పుకుంటున్నాను. తలుపు మూసుకున్నాక సినిమా అయిపోయింది, మేం చాయ్ తాగి లేచి వెళ్లిపోవాల్సింది. మీ ఉత్తరం చదివి నేను బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని మూడు డబ్బాలూ మనసులో మళ్లీ వరసగా వేసుకున్నాను. నేను మైకు పట్టుకుంటానన్నది ఆ ట్రాము చూసి. అసలు సినిమాలో ట్రాము తరవాత జ్వరం ఉంది, పడవ ఉంది, తలుపు ఉంది. మీరు ఆఖర్న, "ఆమె కూడ ఇంటికే వచ్చింది. మా ఆఫీసోల్ల ముంగట మైకు పట్టుకునే ముందు నువ్వు కూడ జర ఆలోచించు" అని రాశారు. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే దానికి మీ దగ్గర రుజువుంది.

కాని నాలుగు పేజీల్లో పుడక మీద రెండు పేజీలు, డబ్బాల మీద ఒకటి, బెంగాలీ ఆయన మీద ఒకటి. నా తలనొప్పి మీద ఒక్క అక్షరం లేదు. వెనక కూడా తిప్పి చూశాను.

రేపు ఖైసర్ బేగం గారింట్లో సరైన వరసలో మళ్లీ వేయిస్తున్నాను. అందరికీ తప్పు చెప్పేశాను. చూశాక కంచన్‌బాగ్ పోవాలో మానాలో నేనే తేల్చుకుంటాను.

మీ
రాజమణి


ఉప్పుగూడ,
30 ఆగస్టు.

వైకుంఠం గారికి,

పేరు పెట్టి రాశానని ఉలిక్కిపడకండి. మైకు పట్టుకున్న మనిషికి ఇది పెద్ద కష్టమేమీ కాలేదు.

ముందు ఇరవై ఒకటో తేదీ ఆదివారం సంగతి. ఈసారి ఇంకా ఎక్కువమంది వచ్చారు, తప్పు జరిగిందని తెలిసి వచ్చారు. ఒకటి, రెండు, మూడు, వరసగా వేశాం. నేను కథ కూడా వరసగా చెప్పాను, ఏదీ కల్పించలేదు. తలుపు మూసుకుంది, అక్షరాలు పడ్డాయి, నీలమ్మ లైటు వేసింది. ఎవరూ చాయ్ అడగలేదు. అత్తమ్మ నా వైపు తిరిగి, "అంతేనా? తలుపు ఏసుడేనా?" అన్నది. ఖైసర్ బేగం వక్కపొడి డబ్బా మూత పెట్టి, "ఇది రోజు మనింట్ల చూస్తనే ఉన్నం. దీనికోసం మిషన్ తెప్పించాల్నా? వో ట్రామ్ వాలా ఫిర్ సే లగావ్," అన్నది. వెనక నుంచి కూడా ట్రాము, ట్రాము మళ్లీ వేయమని కేకలు.

నేను లేచాను. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు, మీ పుడక లెక్క ముందు అది నిలవదు కూడా. "తీసినోల్లు సినిమా ఈడ ఆపిన్రు. మనం పొరపాటున ఇంకో తీరు చూసినం. పొయ్యి మీద కూర ఉన్నోల్లు పోవచ్చు. మిగతా వాల్లకు చాయ్, ఎనకసిరి ట్రాము ఉన్న రెండో డబ్బా మళ్ళ ఒకసారి," అన్నాను. కూర ఉన్నవాళ్లు కూడా పోలేదు. ఆమె ఇల్లు విడిచి పోతుంటే అత్తమ్మ, మీ అమ్మ, లేచి నిలబడి "పోయి రా బిడ్డా" అన్నది. అప్పుడే నేను తేల్చుకున్నాను. జ్వరం వస్తుందని ముందే తెలిసి కూడా ఆ గదిలో ఒక్కరూ ఆమెను ఆగమనలేదు. నేను పొరపాటు సినిమా చూసి సరే అన్నాను, సరైన సినిమా చూశాక కూడా సరే అన్నాను. ఇక దాన్ని మార్చడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

మొన్న కంచన్‌బాగ్. మీ క్వార్టర్ల కమ్యూనిటీ హాలు, నూట ఇరవై మంది. ముందు వరుసలో బాలనర్సింహ గారి భార్య. ఆవిడను చూడగానే ఏడేళ్ల కిందటి మాట మళ్లీ చెవిలో పడ్డట్టయింది. మొదటి నాలుగు మాటలు నాకే వినబడలేదు. తరవాత మొగుడు బొమ్మలు చూసి నవ్వే చోటు వచ్చింది. ఆ నవ్వును నేను చేసి చూపించాను. హాలంతా గొల్లుమంది. అక్కడి నుంచి నన్ను ఆపేవాళ్లు లేరు. మూడు డబ్బాలూ వేశాం, చాయ్ తాగించాం, మళ్లీ రెండోది వేశాం. ఎవరూ లేవలేదు.

అంతా అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుని, "రాజమణీ, ఆ రోజు టాకీసుల నువ్వు మీ అత్తకు కథ చెప్తుంటే నేను గూడ వింటుంటి. నాకు హిందీ యాడ వచ్చు? మధ్యల ఆపేసినవు. ఆ సినిమాల ఆఖరుకు ఏమైందో నాకు ఇప్పటికీ తెల్వది," అన్నది. అప్పుడు తల తిప్పేసుకున్నది నన్ను చూసి సిగ్గుపడి కాదట, నేను ఆపేసినందుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయట. నీ కథ ఎవరికి కావాలని మీరు అడిగారు కదా. జవాబు మీ పక్క సీట్లోనే కూర్చుని ఉంది. నేను అక్కడే నిలబడి మిగతా సగం ఆవిడకు చెప్పేశాను. ఏడేళ్లయినా ఒక్క సీను మరిచిపోలేదు. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం కూడా.

నిన్న సాయంత్రం మీ కార్డు వచ్చింది. ఉత్తరం కాదు, పోస్టుకార్డు, పోస్టుమన్ కూడా చదివే ఉంటాడు. ఒకటి నుంచి పది దాకా బెంగాలీ అంకెలు, ప్రతిదాని పక్కన తెలుగు అంకె. కింద, శుభం అని వాళ్లు ఎట్లా రాస్తారో ఆ అక్షరాలు. బెంగాలీ ఆయన చేత రాయించి, పైన మళ్లీ మీరు సిరాతో దిద్దారు, చూస్తేనే తెలిసింది. ఆ కిందున్న రెండు ముక్కలు మాత్రం మీ రాతే. "ఆ దినం గుర్తున్నది. ముందే రాయాలె ఉండె."

కార్డును నీలమ్మ మిషను పెట్టె మూత లోపల అంటించింది, మీ రెండు ముక్కలు కనబడేట్టే. దసరాకు మీరు వచ్చేసరికి సర్కిల్ వాళ్లు ఇంకో సినిమా తెస్తున్నారు. అప్పుడు కూడా ఖైసర్ బేగం షరతు అదే, మీరు గడప దాటడానికి లేదు. సీతారాం పక్కన అరుగు మీద కూర్చోవాలి, అయిపోయిన రీళ్లు వెనక్కి చుట్టి పెట్టాలి. కిటికీకి కంబళి కడతాం గాని నా గొంతు అరుగు దాకా వస్తుంది, ఆ భయం అక్కర్లేదు.

ఒక్క సంగతి. మీ ఉత్తరాలు కూడా వరస తప్పి వచ్చాయి. మొదట రావాల్సిన మాట ఆఖర్న వచ్చింది. దాని గురించి మీరేం ఫికర్ పెట్టుకోకండి. వరస తప్పినదాన్ని ఎట్లా చూడాలో మా గల్లీ ఆడవాళ్లకు ఇప్పుడు బాగా అలవాటైంది.

తలనొప్పి లేని
మీ రాజమణి