బీరువా తాళంచెవి

ఏమే పుస్తకాల పురుగూ,

పాలు కాచి ఉంచా, వెచ్చబెట్టుకుని తాగు. అన్నం తినకుండా ఫోన్లు పట్టుకు కూర్చోకు. రిజల్టు కొట్లోనే చూశా. రాతపరీక్ష గట్టెక్కావు.

"బట్టలు కుట్టేదానికి సోషియాలజీ ఏం తెలుసు?" అన్నావు గుర్తుందా, నేను నీ పదమూడు పుస్తకాల్లో రెండే ఉంచి మిగతావి బీరువాలో పెట్టి తాళం వేసిన రోజు? నాకేం తెలీదే. సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని విషయసూచికలు సరిచూశా, అంతే. అన్నిట్లోనూ అదే కుటుంబం, అదే పెళ్లి, అదే వలస. డిజైను ఒకటే, రంగులే వేరు. ఎన్ని తానులు కొన్నా కత్తెర పడందే చొక్కా అవదు. ఆ రెండే నలిగేదాకా చదివావు, గెలిచావు. ఆర్నెల్లు నా ముందు మూతి ముడుచుకుని తిరిగావు, పోనీలే.

తాళంచెవి కుట్టుమిషను సొరుగులో ఉంది. ఇక తీసుకో.

అక్క

చెప్పడం మరిచా. బీరువాలో పుస్తకాల్లేవు. ఆ వారమే వాటిని కొన్న షాపులో తిరిగిచ్చేసి నీ ఇంటర్వ్యూ కోటుకి గుడ్డ తెచ్చా. ఆర్నెల్లుగా నువ్వు తాళంచెవి అడిగి ఏడ్చింది ఆ కోటు కోసమే. కుట్టడం అయిపోయింది, బీరువాలోనే ఉంది, గుండీలే తక్కువ. వాటికే బజారుకెళ్తున్నా.